పటం లేని చట్రం

బంగారు రేకు వేసే గదిలో గాలి ఆడకూడదు. రేకు ఈగ రెక్క కన్నా పలచన. పక్కింట్లో ఎవరైనా గట్టిగా తుమ్మితే చాలు, లేచి వెళ్లి గోడకి అంటుకుంటుందని రేకులమ్మ అనేది. ఆమెకి ఊరు పెట్టిన పేరు అది. పని ఉన్న రోజు మేడమీది గదికి తలుపూ కిటికీ బిడాయించుకుని, ఎర్రమట్టి పూసి ఆరబెట్టిన చట్రాన్ని ముందేసుకుని కూర్చునేది. వెడల్పాటి కుంచెని ఒకసారి చెంపకి రాసుకునేది. ఆ కాస్త జిడ్డుకి రేకు అంటుకుని వచ్చేది. ఊపిరి బిగబట్టి దాన్ని చట్రం మీదికి దించేది. కింద అంగట్లో ఆమె భర్త చట్రాలు కోసి, మూలలు అతికి, పటాలు కట్టేవాడు. ఊరికి ఆయన పటాలాయన.

ఆ మంగళవారం మధ్యాహ్నం గడియార స్తంభం మూడు కొట్టే వేళకి రేకులమ్మ ఆఖరి రేకు దించింది. ఉక్కకి ఒళ్లంతా తడిసిపోయింది. గాలి కోసం పెరటివైపు కిటికీ రెక్క తీసింది. ఇంకో గంట పోయాక తీసి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది.

కింద పెరట్లో చెక్కలు ఆరబెట్టే చావడిలో పలకల దొంతర మీద ఒక మనిషి కూర్చుని ఉంది. పెద్దమేడలో బట్టలు కుట్టే మనిషి, పటాలాయన మేనమామ కూతురు, ఆయనకి వరసైన మరదలు. ఆమె ఎదురుగా చిన్న పీట మీద పటాలాయన ఉన్నాడు. ఆయన మాట్లాడుతున్నాడు.

రేకులమ్మని కిటికీ దగ్గర కట్టిపడేసింది అదే. ఇంట్లో ఆయన నోటి నుంచి ఒక్క మాట రావాలంటే పది ప్రశ్నలు వేయాలి. "ఊ" అన్నాడంటే ఆ రోజు మనసు బాగున్నట్టు లెక్క. అలాంటి మనిషి చేతులు తిప్పుతూ, ముందుకి వంగి, మధ్యలో ఆగి, మళ్లీ అందుకుని మాట్లాడుతున్నాడు. మాటలు పైదాకా రావడం లేదు. మరదలు తల వంచుకుని వింటోంది. ఆమె చెవి పక్కన జుట్టులో చిత్రిక పట్టిన చెక్కపొట్టు చుట్ట ఒకటి చిక్కుకుని ఉంది. పటాలాయన చెయ్యి చాపి దాన్ని తీశాడు. తీసి పారేయలేదు. మాట్లాడుతూనే దాన్ని వేలికి చుట్టుకోవడం, విప్పడం, మళ్లీ చుట్టుకోవడం.

గడియారం నాలుగు కొట్టేదాకా రేకులమ్మ అక్కడే నిలబడింది. కిటికీలోంచి వచ్చిన గాలికి వెనక చట్రం మీద ఇంకా అద్దని రేకు అంచులు రెపరెపలాడి మూడు చోట్ల లేచిపోయాయి. ఆ సంగతి మరదలు పెరటి తలుపు దాటి వెళ్లిపోయాక గానీ ఆమె చూసుకోలేదు.

ఆ సాయంత్రం భోజనం వడ్డిస్తూ, ఇవాళ ఎవరైనా వచ్చారా అని అడిగింది.

"ఎవరొస్తారు?" అన్నాడాయన, పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

రెండోసారి కూర వేసింది. వద్దనలేదు. ఆకలి బాగానే ఉందన్నమాట. రేకులమ్మకి మాత్రం ముద్ద దిగలేదు. పోట్లాడదామంటే పట్టుకోవడానికి ఏముంది? పొట్టు తీశాడు. మాట్లాడాడు. ఈ రెండూ నేరాలని ఏ పెద్దమనిషి దగ్గర చెప్పుకున్నా నవ్విపోతారు. ఆ అబద్ధం ఒక్కటే చేతికి చిక్కింది. దాన్ని గిన్నెలు కడుగుతూ, పక్క వేస్తూ, పక్క మీద అటూ ఇటూ పొర్లుతూ పట్టుకునే ఉంది.

మర్నాడు పొద్దున్నే పెద్దమేడ గుర్రబ్బండి అంగడి ముందు ఆగింది. బండివాడు గోనెపట్టాలో చుట్టిన పెద్ద చట్రాన్ని దించి లోపలికి మోసుకొచ్చాడు. ఒక మూల విరిగి వేలాడుతోంది. లోపల పటం లేదు.

పెద్దమేడ హాల్లో మెట్ల ఎదురుగా ఉండే పటం అది. అయ్యగారి మొదటి భార్యది. ఆమె చనిపోవడానికి ముందటి ఏడాది ఎక్కడినుంచో వచ్చిన చిత్రకారుడు ఆరు నెలలు ఆ ఇంట్లోనే ఉండి గీశాడట. దాన్ని చూడటానికి పొరుగూళ్ల నుంచి కూడా జనం వచ్చేవారు. నిన్న మధ్యాహ్నం మూడింటికీ నాలుగింటికీ మధ్య ఎవరో పటాన్ని చట్రంలోంచి కోసుకుపోయారని బండివాడు చెప్పాడు. అయ్యగారు ఆ వేళకి తనతోనే గుర్రాల సంతలో ఉన్నారు. ఇప్పుడున్న రెండో అమ్మగారు తలనొప్పని తన గదిలో పడుకున్నారు. పనివాళ్లు వంటింట్లో ఉన్నారు. శబ్దం విని వచ్చేసరికి చట్రం నేల మీద పడి ఉంది.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, మావాళ్లు గంటలో పట్టేశారు" అన్నాడు బండివాడు. "ఆ కుట్టుపని మనిషే. హాలు కిటికీలకి తెరలు కొలుస్తానని మధ్యాహ్నం అక్కడ చేరింది. మూడింటి నుంచి ఎవరికీ కనపడలేదు. నాలుగు దాటాక వీధి గుమ్మంలోంచి తిరిగొచ్చింది. దాని కత్తెర చట్రం పక్కనే పడి ఉంది. ఎక్కడికెళ్లావంటే నోరు విప్పదు. ఠాణాలో పెట్టారు."

పటాలాయన చేతిలో చిత్రిక చెక్క మధ్యలో ఆగిపోయింది.

రేకులమ్మ ఆయన్నే చూస్తోంది. ఇప్పుడు చెప్తాడు, అనుకుంది. మూడింటి నుంచి నాలుగు దాకా ఆ మనిషి మా పెరట్లో ఉంది అని ఇప్పుడు అనేస్తాడు. అనగానే తను ఏ ముఖం పెట్టాలో కూడా సిద్ధం చేసుకుంది. ఆయన చిత్రికని మెల్లగా వెనక్కి లాగి, దాని నోట్లో ఇరుక్కున్న పొట్టుని వేలితో తీసి, బల్ల మీద పెట్టాడు. చట్రం ఎప్పటికి కావాలట అని అడిగాడు. పటం దొరుకుతుందని అయ్యగారికి నమ్మకం, తొందరగానే కావాలన్నారు అని చెప్పి బండివాడు వెళ్లిపోయాడు.

అప్పుడు రేకులమ్మ కడుపులో చల్లగా ఏదో దిగింది. ఆ చల్లదనం ఏమిటో ఆమెకి తెలుసు. చెరలో కూర్చున్న మనిషి ఇక పెరట్లో కూర్చోవడం కుదరదు. తెలిసినందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే ఆ చల్లదనాన్ని పోనివ్వలేదు.

ఆ పగలంతా ఆయన అంగట్లో చేసిందేమీ లేదు. ఒకే పలకని మూడుసార్లు కొలిచాడు. మధ్యాహ్నం, పని ఉందని చెప్పి ఎటో వెళ్లాడు. గంటలో తిరిగొచ్చాడు. చెప్పుల నిండా ఠాణా వీధిలో కొత్తగా పోసిన ఎర్రకంకర దుమ్ము. రేకులమ్మ ఆ చెప్పులని చూసింది గానీ అడగలేదు. వెళ్లి చెప్పి ఉంటే ఆ మనిషి ఈపాటికి బయటికి వచ్చేది. చెప్పలేదంటే ఏమిటి? వాళ్లిద్దరి మధ్యా ఉన్నది బయటపెట్టలేనిదేనా? ఒక ఆడమనిషి దొంగ అనిపించుకున్నా ఫర్వాలేదు గానీ బయటపెట్టకూడనంతటిదా? తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్న మొగుణ్ని చూస్తుంటే ఆమెకి ఒక్కో అడుగూ ఒక సాక్ష్యంలా కనపడింది.

చట్రాన్ని మేడమీదికి తీసుకెళ్లింది. పని ముందు పెట్టుకుంటే కాస్త నిమ్మళంగా ఉంటుందనుకుంది.

వెనకవైపు తిప్పి చూస్తే మేకుల వరస కింద కాన్వాసు అంచు నాలుగు పక్కలా మిగిలే ఉంది. వేలెడు వెడల్పున, చింపిరిగా. రేకులమ్మ కిటికీ వెలుతురులోకి జరిగింది. అంచు పొడవునా కొరికినట్టు చిన్న చిన్న గాట్లు. ఒక గాటుకీ ఇంకో గాటుకీ మధ్య పీచులు. గోళ్లు కత్తిరించుకునే కత్తెర లాంటి చిన్నదానితో, చెయ్యి తిరగని వాళ్లు, ఆగి ఆగి కోసిన కోత. మరదలి కోత ఆమెకి తెలుసు. క్రితం నెలలో తమ దిండు గలీబులకి బట్ట కత్తిరిస్తుంటే చూసింది. కత్తెర నోరు ఒకసారి తెరిచి, గుడ్డ మీద పడవలా తోసుకుపోయింది. గీత గీసినట్టు వచ్చింది. ఆ పనితనం చూసి అప్పుడు కూడా ఆమెకి లోపల ఎక్కడో మండింది.

ముందువైపు తిప్పింది. చట్రం లోపలి అంచు మీద, ఎడమ పక్కన, పాత బంగారం గీసుకుపోయి కింది ఎర్రమట్టి కనపడుతోంది. నాలుగు చోట్ల, ఒకే తీరు గీత. కోసేవాళ్లు ఎడమచేత్తో చట్రాన్ని ఆనుకుని పట్టుకున్నారు. ఆ చేతికి రాయి పొదిగిన ఉంగరం ఉంది. మరదలు చేతికి పూస కూడా పెట్టని మనిషి. గుడ్డకి తగులుకుంటుందని అంటుంది.

పెద్దమేడలో రాళ్ల ఉంగరం పెట్టుకునే చేతులు ఒక్కరివే.

రేకులమ్మ చట్రాన్ని గోడకి ఆనించి చాలాసేపు కూర్చుంది. ఇప్పుడు ఆమె చేతిలో రెండు నిజాలున్నాయి. ఒకటి చెబితే పెద్దమేడతో వైరం. అమ్మగారి మాట ముందు చట్రాలకి రేకు వేసే మనిషి మాట నిలుస్తుందా? ఇంకోటి చెబితే తన ఇంటి గుట్టు వీధిలో పరిచినట్టు. ఏదీ చెప్పకపోతే? ఏదీ చెప్పకపోతే పెరడు ఖాళీగా ఉంటుంది.

గురువారం ఉదయం, పాత బంగారం రంగు చూసి కలపాలి, మేడలో మిగిలిన చట్రాలు ఒకసారి చూడాలి అని చెప్పి పెద్దమేడకి వెళ్లింది. పనిమనిషి ఆమెని అమ్మగారి గదికి తీసుకెళ్లింది. అమ్మగారు కిటికీ పక్క కుర్చీలో ఉంది. వయసు రేకులమ్మ కన్నా చిన్నదే. పనిమనిషి వెళ్లేదాకా మెట్ల దగ్గరి చట్రాల గురించే మాట్లాడింది. మాట్లాడుతూ ఎడమచేతి ఉంగరాన్ని తిప్పుకుంటోంది. రాతి పట్టులో ఒక మూల సన్నగా ఎర్రమట్టి.

రేకులమ్మ చూపు అక్కడ ఆగడం అమ్మగారు గమనించింది. చేతిని ఒళ్లోకి లాక్కుంది. తర్వాత, దాచి లాభం లేదనుకుందో ఏమో, మళ్లీ కుర్చీ చేతి మీద పెట్టింది.

"ఎంతమందికి చెప్పావు?" అని అడిగింది.

ఎవరికీ చెప్పలేదంది రేకులమ్మ.

అమ్మగారు లేచి తలుపు గడియ వేసింది. మంచం మీది పొడుగు దిండు కుట్లు విప్పి, దూది మధ్యలోంచి చుట్ట తీసి, పరుపు మీద పరిచింది. నాలుగు మూలలా నాలుగు దిండ్లు పెట్టింది, చుట్టుకుపోకుండా. లేత పసుపు దుస్తుల్లో ఒక స్త్రీ, తలుపులోంచి అప్పుడే లోపలికి వచ్చి, ఎవరినో చూసి ఏదో అనబోతున్నట్టు.

"చింపేద్దామనే కోశాను. చేతులు రాలేదు" అంది. "ఆరేళ్లుగా ఆ మెట్లు దిగిన ప్రతిసారీ ఆయన ఒక్క క్షణం ఆగుతారు. రోజుకి ఎన్నిసార్లు దిగుతారో లెక్క పెట్టేదాన్ని. నీ కళ్లు మంచివంటారు కదా. నిజం చెప్పు. నా కన్నా అందగత్తెనా?"

రేకులమ్మ వంగి చూసింది. పనివాళ్లు చూసే చూపే చూసింది, మొహం వదిలేసి ముందు చేతుల వంక.

"చేతులు సరిగ్గా రాలేదమ్మా" అంది. "మణికట్టు దగ్గర విరిగినట్టుంది. గీసినాయన మొహం మీదే మోజుపడ్డాడు. మిగతాది తొందరగా కానిచ్చేశాడు."

అమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతుంటే కళ్లమ్మట నీళ్లు కారాయి. ఆరేళ్లలో ఈ మాట తనకి ఎవరూ చెప్పలేదంది. ఇద్దరూ కాసేపు పటం మీదికి వంగి, ఆ చేతుల్ని, మెడ వంకని, జుట్టుకి పూసిన రంగునీ ఒకటొకటిగా ఎంచారు. ఎవరి మీదో చాడీలు చెప్పుకునే పిల్లల్లా ఉన్నారు. రేకులమ్మకి ఆ కాసేపూ హాయిగా ఉంది. రెండు రోజులుగా గుండెల్లో పెట్టుకున్న బరువు ఇంకొకరికి కూడా ఉందని తెలిస్తే వచ్చే హాయి అది.

అప్పుడు తను వచ్చిన పని గుర్తొచ్చి, ఠాణాలో ఆ కుట్టుపని మనిషి ఉందమ్మా అంది.

"నేను దాని పేరు చెప్పలేదు" అంది అమ్మగారు. "వాళ్లే అనుకున్నారు. నేను కాదనలేదు, అంతే." పటాన్ని చుడుతూ, గొంతు తగ్గించి మళ్లీ అంది, "అది మీ ఆయనకి మరదలట కదా. చట్రాలు కొలవడానికి వచ్చినప్పుడల్లా కుట్టుగది మీదుగానే పోతాడని మా పనివాళ్లు చెప్పుకుంటారు. జైలు దాకా పోనివ్వనులే. కేసు వద్దంటాను, ఊరు విడిచిపొమ్మంటాను. వారంలో వెళ్లిపోతుంది. నీకూ నాకూ ఇద్దరికీ శాంతి."

కుట్టుగది మీదుగా. రేకులమ్మకి అది కొత్త మాట. పుండు మీద కారం చల్లినట్టయింది. దొంగ అనిపించుకుని ఊరు విడిచిన మనిషికి ఇంకే ఊళ్లో ఎవరు బట్టలిస్తారన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"సరేనమ్మా" అంది.

ఇంటికి దగ్గరి దారి సంత మీదుగా. రేకులమ్మ మాత్రం ఠాణా వీధిలోంచి నడిచింది. ఎందుకంటే చూడాలనిపించింది. మరదలు ఏడుస్తూ, జుట్టు రేగి, కుంచించుకుపోయి ఉండటం ఒక్కసారి చూడాలనిపించింది. అలా చూస్తే జాలి పుడుతుందనీ, జాలి పుడితే ఈ మంట చల్లారుతుందనీ తనకి తను చెప్పుకుంది.

మరదలు ఏడవడం లేదు. ఠాణా వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, కాపలావాడి కోటుకి గుండీలు కుడుతోంది. ఊరికే కూర్చోలేక తనే అడిగి తీసుకుందట. కత్తెర సాక్ష్యం కింద తీసుకున్నారు కాబట్టి దారాన్ని పంటితో కొరుకుతోంది. తల ఎత్తి రేకులమ్మని చూడగానే కోటు పక్కన పెట్టి లేచి నిలబడింది. కాపలావాడు వాళ్లని చూసి కొంచెం దూరం జరిగాడు.

"ఎందుకొచ్చావక్కా ఇక్కడికి? ఎవరైనా చూస్తే బాగుండదు. నేను బాగానే ఉన్నానని బావకి చెప్పు."

ఆ "బావ" అన్న మాట ఆమె నోట్లో ఎంత తేలిగ్గా ఉందో. రేకులమ్మ నేరుగా అడిగింది, ఆవేళ ఎక్కడున్నావో చెప్పేస్తే పోయేదానికి ఎందుకు చెప్పవని.

మరదలు కోటు మళ్లీ చేతిలోకి తీసుకుంది. సూదిని గుడ్డకి గుచ్చి, దారం కొస సరిచేసింది.

"చెప్తే నాకు మంచిదే. ఇంకొకరి మనసు కష్టపడుతుంది" అంది. "ఆ మనిషికి నా వల్ల ఇప్పటికే కష్టంగా ఉందని నాకు తెలుసు. ఇంకా పెంచడం ఎందుకు? బావ నిన్న వచ్చి చెప్పేస్తానంటే, నా మీద ఒట్టేయించుకుని పంపాను."

రేకులమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థం కాగానే చెవులు వేడెక్కాయి. ఇంకొకరంటే తనే. ఈ మనిషి ఇక్కడ స్తంభానికి ఆనుకుని, దొంగ అన్న పేరు మోస్తూ, తన మనసు నొప్పించకూడదని నోరు మూసుకుని కూర్చుంది. మొగుడు తిరిగి తిరిగి చెప్పలేకపోయింది కూడా ఈ ఒట్టు వల్లే. మాటల్లో గెలిచింది, కోతలో గెలిచింది, ఇప్పుడు మంచితనంలో కూడా గెలవాలా? రేపు ఊరు విడిచి వెళ్తే, తను బతికినన్నాళ్లూ ఆ ఇంట్లో ఆయన పక్కన ఈమె దయ మీద బతకాలి. ఆయనకది తెలుసు. ఈమెకి తెలుసు. ఆ అమ్మగారికి కూడా తెలుసు.

"నా మీద జాలి పడమని నిన్నెవరు అడిగారు?" అంది రేకులమ్మ.

అని, మరదలు ఏదో అనబోతుంటే వినకుండా, వసారా మెట్లెక్కి లోపలికి నడిచింది.

ఠాణా అధికారి వయసు మళ్లిన మనిషి. కాగితాల మీంచి కళ్లద్దాలు ఎత్తి చూశాడు. రేకులమ్మ నిలబడే చెప్పింది. మంగళవారం మధ్యాహ్నం మూడు కొట్టినప్పుడు తను మేడమీది కిటికీ తీసిందనీ, అప్పటికే కుట్టుపని మనిషి తమ పెరట్లో ఉందనీ, నాలుగు కొట్టాక వెళ్లిందనీ, ఆ గంటసేపూ తను కిటికీ దగ్గరే ఉందనీ చెప్పింది. గంటసేపు కిటికీ దగ్గర ఏం చేశావని అడిగాడు. చూస్తూ నిలబడ్డానంది. ఏం చూశావని అడిగాడు. మా ఆయన ఆమెతో మాట్లాడుతుంటే చూశానంది. గుమ్మం దగ్గరున్న ఇద్దరు జవాన్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఇంకో గంటలో ఊరంతా ఈ చూపులే ఉంటాయని ఆమెకి తెలుసు.

అధికారి పటాలాయనకి కబురు పెట్టాడు. ఆయన పనిలోంచి అలాగే వచ్చాడు. మోచేతుల దాకా రంపపు పొట్టు, జుట్టు నిండా పొట్టు. లోపలికి వచ్చి ముందు మరదలు ఉందేమోనని చూశాడు. భార్యని చూసి ఆగిపోయాడు. మంగళవారం మూడింటికి ఎక్కడున్నావని అధికారి అడిగితే ఆయన నోరు మెదపలేదు. ఒట్టు కాబోలు.

"నిజమే చెప్పండి. నేను చూశాను" అంది రేకులమ్మ.

ఆయన ఆమె వంక అలాగే చూసి, అప్పుడు చెప్పాడు. మా పెరట్లోనే ఉన్నాం, మూడింటి నుంచి, ఇద్దరమూ. అధికారి రాసుకున్నాడు. రాసుకుని, కలం ఎత్తి, ఆ గంటసేపూ ఏం మాట్లాడుకున్నారని అడిగాడు.

రెండు రోజులుగా రేకులమ్మ తిండీ నిద్రా మాని వెతుక్కుంటున్నది ఆ జవాబే. ఆయన పెదవులు కదిలాయి. గుమ్మం దగ్గర జవాన్లు కొంచెం ముందుకి జరిగారు.

"అది కేసుకి అక్కర్లేదు కదండీ" అంది రేకులమ్మ.

అధికారి కలం దించాడు. అక్కర్లేదని ఒప్పుకున్నాడు. కాగితం ఆమె ముందుకి తోసి, ఎక్కడ వేలిముద్ర వేయాలో చూపించాడు. ముద్ర అక్కర్లేదు, సంతకం వచ్చని చెప్పి ఆమె సంతకం చేసింది.

సాయంత్రం లోపల మరదల్ని వదిలేశారు. ముగ్గురూ ఠాణా మెట్ల కింద నిలబడ్డారు. పెద్దమేడ తలుపు మరదలికి ఇక తెరుచుకోదని ముగ్గురికీ తెలుసు. తెల్లవారితే గానీ ఊరు దాటే బండి లేదు. పటాలాయన తన పాదాల వంక చూసుకుంటున్నాడు. అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాడు పాపం. ఆయన ఏమన్నా తప్పే, అనకపోయినా తప్పే.

"ఈ పూటకి మా ఇంటికి పద" అంది రేకులమ్మ మరదలితో. "రేపు పొద్దున్న బండికి వెళ్దువుగాని."

పద అన్నది గానీ ప్రేమతో అన్నది కాదు. వీధి పొడవునా వాళ్లిద్దరి మధ్యలో తనే నడిచింది. ఇంట్లో వడ్డించేటప్పుడు ఇద్దరికీ సమంగా వేసింది, కొలిచినట్టు. మరదలు నీళ్లు అడిగితే ఆయన లేవబోయాడు. ఆయన కన్నా ముందు తను లేచింది. పడుకోవడానికి మేడమీది గదిలో చాప వేసి, చట్రాలకి తగలకు అని మాత్రం చెప్పింది.

చీకటి పడ్డాక బండివాడు మళ్లీ వచ్చాడు. పటం దొరికిందట. ఎవరో హాల్లోని పెద్ద బీరువా వెనక దాచి పెట్టారట. దొంగెవరో తేలలేదు, పోనీలే పటం దక్కింది, ఇక ఎవరినీ ఏమీ అడగవద్దని అయ్యగారు చెప్పేశారు. చుట్టని బల్ల మీద పెట్టి, పటాన్ని చట్రంలో రేకులమ్మే స్వయంగా బిగించాలని అమ్మగారు మరీ మరీ చెప్పమన్నారని చెప్పాడు. రేకులమ్మ చుట్ట కొస విప్పింది. చింపిరి అంచుల్లో ఎక్కడో ఒక దూది పోగు అంటుకుని ఉంది. బండివాడు చూడకముందే తీసేసింది. అంచు కొంచెం తగ్గింది, చట్రం లోపలి అంచు వెడల్పు పెంచి కప్పేయవచ్చు, ఎవరికీ తెలియదు అని చెప్పి పంపింది.

శుక్రవారం తెల్లవారగానే మరదలు మూట కట్టుకుంది. చాప చుట్టి, గది ఊడ్చి, తను పడుకున్న ఆనవాలు లేకుండా చేసింది. పటాలాయన అప్పటికే అంగట్లో ఉన్నాడు. గుమ్మంలో ఆగి, వెళ్లొస్తాను బావా అంటే, ఆయన తల ఊపాడు. బయటికి రాలేదు. రేకులమ్మే బండ్ల అడ్డా దాకా వెళ్లింది. పంపడానికా, వెళ్లిందని కళ్లారా చూసుకోవడానికా అని ఎవరైనా అడిగితే, రెండూ అని ఒప్పుకునేది.

బండి కట్టేలోపు ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. చివరికి మరదలే అంది, ఈ రెండు రోజుల్లో నువ్వొక్కసారి కూడా అడగలేదేం అక్కా, ఆవేళ బావ నాతో ఏమన్నాడో చెప్పనా అని.

"నువ్వు చెప్పకు" అంది రేకులమ్మ. "ఆయన చెప్పాలి."

మరదలు ఆమెని నిదానంగా చూసింది. తల ఊపింది. బండెక్కి, మూటని ఒళ్లో పెట్టుకుని, ముందుకి చూస్తూ కూర్చుంది. వెళ్లే ఊళ్లో పని దొరక్కపోతే కబురు పెట్టు, ఇక్కడి బట్టలు పంపుతాను అన్నమాట రేకులమ్మ నోటి దాకా వచ్చింది. బండి కదిలాక గానీ అనలేకపోయింది. విన్నదో లేదో తెలియదు.

తిరిగి వచ్చేసరికి పటాలాయన అంగట్లో ఊరికే కూర్చుని ఉన్నాడు. చేతిలో పనిముట్టు లేదు.

"వెళ్లిందా?" అన్నాడు.

వెళ్లిందంది. లోపలికి పోబోతుంటే, ఆయన తన పక్కన బల్ల మీదున్న రంపం, కొలబద్ద తీసి కింద పెట్టాడు. చేత్తో బల్ల తుడిచాడు. రేకులమ్మ వెనక్కి వెళ్లి అంగడి తలుపులు రెండూ దగ్గరికి వేసి, గడియ పెట్టి, వచ్చి ఆ చోట కూర్చుంది. బయట ఎవరో పటం కట్టించుకోవడానికి వచ్చి తలుపు తట్టారు. ఇద్దరూ పలకలేదు. అడుగుల చప్పుడు దూరమైంది.

"ఊరు విడిచి వెళ్లిపోతానంది" అన్నాడాయన. "నీ మనసు బాగోలేదని కనిపెట్టిందట. అందుకని. నేను వెళ్లొద్దన్నాను."

రేకులమ్మకి గుండెలో సూది దిగినట్టయింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఇంకా?" అంది.

"ఇంకేముంది, అంతే."

"ఆ ఒక్క ముక్కకి గంట పట్టదు" అంది రేకులమ్మ. "తలుపు వేసే వచ్చాను. మొదట్నించి చెప్పండి."